నాలుగు మాటల అప్పగింత

"అమ్మా, అత్తయ్య చనిపోయారు. నిద్రలోనే, ఇందాకే. మేమిద్దరం పక్కనే ఉన్నాం. నువ్వు స్కూలుకెళ్ళి పాపని తీసుకొచ్చి, దానికి నువ్వే చెప్పు."

మా అమ్మాయి హామిల్టన్‌లోని హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి అన్న మాటలు ఇవే. నేను స్టవ్ కట్టేసి కాసేపు కుర్చీలో కూర్చున్నాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒకలాంటి ఆశ్చర్యం. మనవాళ్ళు చావు కబురు ఇలా చెప్పరు. "కాస్త సీరియస్‌గా ఉందిట, బయల్దేరండి" అంటారు. బయల్దేరిన మనిషి దారి పొడుగునా దేవుళ్ళకు మొక్కుకుంటూ వచ్చి, వాకిట్లో విడిచిన చెప్పుల గుంపు చూసి సంగతి గ్రహించుకోవాలి. మా నాన్నగారు పోయినప్పుడు నాకు అలాగే చెప్పారు. ఆయనకిష్టమని బస్టాండులో బత్తాయిలు కొనుక్కుని మరీ వెళ్ళాను. ఆ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక అంతసేపూ చేత్తో పట్టుకునే ఏడ్చాను.

అలాంటి ఇంట్లో పుట్టి, చిన్న అబద్ధం ఆడకుండా ఫోన్ కూడా ఎత్తలేని మా అమ్మాయి, ఆ కబురు నాలుగు మాటల్లో, ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరి చావు గురించి చెప్పిందో ఆవిడే దానికి అలా చెప్పడం నేర్పారు.

ఆవిడ నాకు వియ్యపురాలు. మా అల్లుడి తల్లి. నేను ఆవిడను "వదినగారూ" అనేదాన్ని, ఆవిడ నన్నూ అంతే. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోకుండా ఏళ్ళకేళ్ళు గడిపెయ్యడానికి అంత మంచి పిలుపు మరోటి లేదు.

మన పత్రికవాళ్ళు, ఉద్యోగాల్లో ఎదగడానికి మాట్లాడే నేర్పు ఎలా అలవరచుకోవాలో ఇక్కడి పిల్లల కోసం రాయమని నన్ను అడిగి చాలాకాలమైంది. కాలేజీలో పాఠాలు చెప్పాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందనుకున్నారు కాబోలు. నాకు తెలిసింది యాభై నిమిషాలపాటు ఎవరూ అడ్డు రాకుండా మాట్లాడడం. దాన్ని ఏ ఆఫీసులోనూ నేర్పు అనరు. ఆ విషయంలో నేను చూసిందంతా మా వదినగారి దగ్గరే చూశాను. ఆవిడ ఉండగా రాస్తే సగానికి సగం కొట్టేసేవారు. ఇప్పుడు రాస్తున్నాను.

మా పిల్లల పెళ్ళి రాజమండ్రిలో జరిగింది. పొద్దున చర్చిలో వాళ్ళ పద్ధతిన, సాయంత్రం హాల్లో మా పద్ధతిన. రెండిటికీ రెండు వైపుల బంధువులూ వచ్చారు, వచ్చి కుర్చీలు ఎవరివి వాళ్ళు దూరంగా జరుపుకుని కూర్చున్నారు. అప్పగింతల వేళకి పళ్ళెంలో పాలు పోసి, మా అమ్మాయి చేతులు ముంచి, ఆవిడ చేతులకు అద్దించాం. ఆ ఘట్టంలో పిల్ల తల్లి ఏమనాలో అందరికీ తెలిసిందే. అల్లారుముద్దుగా పెంచుకున్నాం, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి అని నేనూ అన్నాను. చరిత్ర లెక్చరర్ గొంతు, అయినా వణికింది. ఆవిడ "అలాగేనండి" అన్నారు. తడి చేతులు వదలకుండానే అడిగారు.

"అమ్మాయికి పడని మందులేమైనా ఉన్నాయా అండీ?"

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పెన్సిలిన్ పడదన్నాను.

"పడకపోతే ఏమవుద్ది? దద్దుర్లా, ఆయాసమా?"

దద్దుర్లన్నాను. చిన్నప్పుడేమైనా పెద్ద జబ్బు చేసిందా, రాత్రులు నిద్ర పడుతుందా అని కూడా అడిగారు. పెళ్ళి వీడియోలో ఇదంతా ఉంది. చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే మేమిద్దరం మందుల షాపులో బేరమాడుతున్నట్టు ఉంటాం. ఆ రాత్రి మా చెల్లెలు, "ఎంత రాతి మనిషే మీ వియ్యపురాలు" అంది. నేనూ అవుననే అన్నాను.

ఆవిడ నర్సు. గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో మొదలుపెట్టి, గల్ఫ్‌లో కొన్నాళ్ళు చేసి, కెనడా వచ్చి, హామిల్టన్‌లో వార్డు మొత్తాన్ని నడిపే నర్సుగా రిటైరయ్యారు. డ్యూటీ దిగే నర్సు ఎక్కే నర్సుకి రోగిని అప్పజెప్పి వెళ్ళాలి కదా, దాన్ని వాళ్ళు హ్యాండోవర్ అంటారు. మంచం పక్కన నిలబడి నాలుగు మాటలు. ఇప్పుడు ఎలా ఉంది, వెనక ఏం జరిగింది, నేనేమనుకుంటున్నాను, ఇక ఏం కావాలి. ఆ వరసలోనే. వరస తప్పితే మనుషులు పోతారని ఆవిడ నమ్మకం. పోయినవాళ్ళని చూశారు కూడా, అవి మాకు ఎప్పుడూ చెప్పలేదు.

మా ఆయన పోయాక నేను మిస్సిసాగా వచ్చి పిల్లల దగ్గర ఉండిపోయాను. రిటైరయ్యాక ఆవిడా హామిల్టన్ అపార్ట్‌మెంట్ వదిలేసి ఇక్కడికే చేరారు. ఒక టౌన్‌హౌస్, ఒక వంటిల్లు, ఇద్దరు వియ్యపురాళ్ళు. తెలిసినవాళ్ళంతా మా అల్లుడి వైపు జాలిగా చూసేవారు. నేను శాకాహారిని, ఆవిడకి చేప లేనిదే ముద్ద దిగదు. కుడివైపు పొయ్యిలు నావి, ఎడమవైపువి ఆవిడవి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇద్దరిదీ.

ఆ వంటింట్లో కూడా ఆవిడది హ్యాండోవరే. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, "వదినగారూ, పాలు అయిపోయాయి. పొద్దున పాప తాగేసింది. సాయంత్రం టీకి ఉండవు. మీరు వాకింగ్‌కి వెళ్తే తేండి" అనేవారు. మా ఇంట్లో ఏదీ అయిపోయిందని అనం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఆ సంప్రదాయం వివరించి, లేదు అనే మాట ఇంట్లో అనకూడదని ఒకరోజు మెత్తగా చెప్పాను. "అనకపోతే వస్తాయాండీ?" అన్నారు. నేను బూట్లు తొడుక్కుని వెళ్ళి పాలు తెచ్చాను.

శనివారాలు మా బేస్‌మెంట్‌లో కొత్తగా వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూలకి తయారయ్యేవారు. చర్చిలో ఎవరో ఒకరిని పంపితే, ఆ ఒకరు ఇంకొకరికి చెప్పి, అలా పెరిగింది. హైదరాబాద్ పిల్లలు, గుంటూరు పిల్లలు, హామిల్టన్‌లో చదువుకునేవాళ్ళు, ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్లలో పనిచేస్తూ సొంత లైన్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు. నీ గురించి చెప్పు అనగానే అందరూ పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టేవారు. "ఊరు నాకెందుకయ్యా, నేనేమైనా పిల్లనిస్తున్నానా? నీ చేత్తో చేసిన పని ఒకటి చెప్పు" అనేవారు ఆవిడ. చేతులు కట్టుకుని నిలబడితే విప్పించేవారు. అడిగిన ప్రతిదానికీ తల ఊపేవాళ్ళని, "అది అవునా, కాదా? నాకు తెలీట్లేదు, ఇక్కడోళ్ళకేం తెలుస్తుంది?" అని నోటితో చెప్పించేవారు. నేను మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. పకోడీలు వెయ్యడం నా శాఖ.

ఆవిడ ధోరణి అందరికీ నచ్చలేదనీ చెప్పాలి. పొగడ్త అనేది ఆవిడకి పరాయి భాష. ఒకసారి ఒక అమ్మాయి ఏడ్చి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నేను ఆ సాయంత్రం, "మీరు చెప్పింది నిజమే వదినగారూ, కానీ సూది గుచ్చే ముందు మీ వాళ్ళు దూదితో తుడుస్తారు కదా" అన్నాను.  తర్వాతి శనివారం ఒక కుర్రాడు కుర్చీలో కూర్చోగానే, "షర్టు బాగుందయ్యా" అని, నా వైపు చూసి, "తుడిచానండీ" అన్నారు. ఆ వెంటనే తిట్టడం మొదలుపెట్టారు.

ఇక అసలు చెప్పదలచుకున్నది.

మా అమ్మాయి ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. కొన్నేళ్ళ కిందట దాన్ని టీమ్ లీడ్ చేశారు, కానీ ప్రొబేషన్ మీద. పనితీరు చూసి ఉంచుతారు, లేకపోతే లేదు. సరిగ్గా అప్పుడే, కిచెనర్ అనే ఊళ్ళో ఉన్న మా అల్లుడి కంపెనీ అతని గ్రూపు మొత్తాన్ని తీసేసింది. అంటే ఇంటి వాయిదాలు, కారు, పాప, ఇద్దరు అమ్మలు, అందరి బరువూ దాని ఒక్క ఉద్యోగం మీద ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. మాకు మర్యాద ఎక్కువ.

దానికి అప్పజెప్పిన పని, మాత్రలు సీసాల్లో నింపి మూతలు బిగించే కొత్త మెషిన్ ఒకటి పరీక్షించి, వాడుకకు సిద్ధం చెయ్యడం. మేనేజర్ ప్రతి సోమవారం అందరినీ కూర్చోబెట్టి ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. ఇది ప్రతిసారీ "ఆల్మోస్ట్ దేర్" అంటుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "అయిందా?" అంటే "అయిపోవచ్చిందండీ" అంటామే, అదే మాట. పప్పు ఇంకా కుక్కర్‌లో కూడా పడి ఉండదు. అడిగిన పెద్దమనిషికీ అది తెలుసు, అందుకే గంట ఆలస్యంగా వచ్చి కూర్చుంటాడు. ఆ మేనేజర్ ఎక్కడో నోవా స్కోషియాలో పుట్టినవాడు, అతనికి ఈ సంప్రదాయం తెలియదు. అయిపోవచ్చిందంటే అయిపోతుందనే అనుకుని, పైవాళ్ళకి తేదీ చెప్పేశాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, వదినగారు డైనింగ్ టేబుల్ మీద పేపర్ పరిచి రొయ్యలు వలుస్తున్నారు. రెండో కొసన నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. మా అమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ ఫోన్‌లో ఎవరికో నవ్వుతూ ఆల్మోస్ట్, ఆల్మోస్ట్ అంటోంది. ఫోన్ పెట్టాక ఆవిడ తల ఎత్తకుండానే అడిగారు.

"ఏంటమ్మా ఆల్మోస్టు?"

"ఏం లేదత్తయ్యా, ఆఫీసు. బాగానే ఉంది."

"బాగానే ఉందా?"

"ఆఁ, బాగానే ఉంది."

ఆవిడ చేతిలో రొయ్య కింద పెట్టారు. "బాగానే ఉన్నానని నవ్వే పేషెంటుకి నేను ముందు బీపీ చూసేదాన్ని. కూర్చో. ఎదురుగా కాదు, ఇటు పక్కకి రా." అది వచ్చి పక్కన కూర్చుంది. "నేనిప్పుడే డ్యూటీ ఎక్కాను. నీ పేషెంటు గురించి నాకేం తెలీదు. హ్యాండోవర్ ఇయ్యి."

"అసలేమైందంటే అత్తయ్యా, మార్చిలో మెషిన్ వచ్చినప్పుడు వెండార్ వాళ్ళు ఏమన్నారంటే..."

"పేషెంటు పోయాడు," అన్నారు ఆవిడ. "మళ్ళీ చెప్పు."

"అంటే, మా టీమ్‌లో ఒకతను లీవ్‌లో ఉన్నాడు, పాపం వాళ్ళ అమ్మగారికి..."

"ఈయనా పోయాడు."

నాకు ఉండబట్టలేదు. జీవితమంతా కారణాలు, పరిణామాలు చెప్పి బతికినదాన్ని. వెనక జరిగింది చెప్పకుండా ఇప్పటి సంగతి ఎలా అర్థమవుతుంది, పిల్లని మొదటి నుంచి చెప్పనివ్వండి అన్నాను.

"మీ రాజులు ఎలాగూ పోయారు వదినగారూ, మీకు తొందర లేదు. మా వాళ్ళు ఇంకా బతికుంటారు," అన్నారు.

 మళ్ళీ చిక్కుడుకాయల్లో పడ్డాను.

మా అమ్మాయి ఇంకోసారి మొదలుపెట్టింది, మధ్యలో ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి పక్కనున్న ఆవిడకి తప్ప ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా అంది.

"ఆ తేదీకి అవ్వదత్తయ్యా."

"అదీ. అదే ముందు చెప్పాలి. తర్వాత?"

తర్వాత మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి. మూతల బిగింపు పరీక్షలు రెండు ఫెయిలయ్యాయి. ఒక విడిభాగం మార్చాలి, అది బయటి దేశం నుంచి రావాలి. ఇప్పుడే ఆపి మారిస్తే నెలన్నరలో అవుతుంది. ఆపకుండా లాగితే ఆడిట్‌లో బయటపడుతుంది, మాత్రలు వేసుకునేవాళ్ళకి కూడా మంచిది కాదు. ఇన్నాళ్ళుగా అది సెలవురోజుల్లో కూడా వెళ్ళి అవే పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేస్తోంది, ఎప్పటికైనా పాసవుతాయేమోనని.

"బాగా చెప్పావు. మరి నీకేం కావాలి?"

మా అమ్మాయి అక్కడ ఆగిపోయింది. "నాకేం వద్దత్తయ్యా, ఎలాగోలా మేనేజ్ చేసుకుంటాను."

"నేనడిగింది అది కాదు."

అది రొయ్యల పేపర్ వైపు చూస్తూ కూర్చుంది. ఆ మౌనం నాకు బాగా తెలుసు. మనం పిల్లలకి విస్తట్లో వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టడం నేర్పాం. చాలు చాలనాలి. అన్నాక కూడా వడ్డించేవాళ్ళు ఆ చెయ్యి తప్పించి ఇంకో గరిటె వేస్తారు, అది వాళ్ళ మర్యాద. ఆకలి సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే అందరి కడుపులూ నిండుతాయి. ఎంత అందమైన ఏర్పాటో. కానీ అడ్డం పెట్టిన చెయ్యిని తప్పించేవాడు ఒకడుండాలి. ఇక్కడ చెయ్యి అడ్డం పెడితే, పాపం, నిజంగానే వడ్డించరు. పక్క విస్తరికి వెళ్ళిపోతారు. మన పిల్లలు అర్ధాకలితో లేచి, వీళ్ళకి మనసు లేదనుకుంటారు.

ఆవిడ తొందరపెట్టలేదు. మళ్ళీ రొయ్యలు వలుచుకుంటూ, అటే చూస్తూ అన్నారు. "నోటితో దించుకోవాల్సిన బరువు వీపు మీద మొయ్యకమ్మా. నడుం పోద్ది. చాలామంది నడుములు చూశాను."

"ఇంకో మనిషి కావాలి," అంది మా అమ్మాయి కాసేపటికి. "నెలన్నర టైం కావాలి. ఆ పార్ట్ వెంటనే తెప్పించడానికి ఆయన సంతకం కావాలి."

"ఇదంతా రేపు ఆయన అడక్కముందే చెప్పు."

సోమవారం అది చెప్పింది. ఇక్కడ మీరు చప్పట్ల కోసం ఎదురుచూడకండి.  మేనేజర్, ఈ మాట నాకు ఇవాళ ఎందుకు వినపడుతోంది, నెల కిందటే ఎందుకు వినపడలేదు అని అడిగాడట. న్యాయమైన ప్రశ్న. మనిషినిచ్చాడు, సంతకం పెట్టాడు, దాని ప్రొబేషన్ కూడా పొడిగించాడు. ఇంటికొచ్చి మా అమ్మాయి అత్తగారి మీద విరుచుకుపడింది. మీ మాట విన్నందుకు నా ఉద్యోగం ఊడేలా ఉంది, మీకేం, మీరు రిటైరయ్యారు అంది. కోడలు అత్తగారిని అన్ని మాటలనడం నేను మొదటిసారి విన్నాను. లోపల కొంచెం బావుంది కూడా.

ఆవిడ అంతా విని, "ఇదిగో, ఇప్పుడు వరసలో చెప్పావు" అన్నారు. అన్నం వడ్డించారు. అది చాలంటూ చెయ్యి అడ్డం పెడితే నిజంగానే ఆపేసి గరిటె పట్టుకుని నిలబడ్డారు. చివరికి అదే నవ్వేసి, "ఇంకొంచెం వెయ్యండి" అంది.

ఆ ఉద్యోగం నిలిచింది. నెలన్నర అనుకున్నది రెండు నెలలు దాటింది, అయితే ఆ సంగతి కూడా ఇదే ముందుగా వెళ్ళి చెప్పింది. ఆ తర్వాత ఆ మేనేజర్, ఏ సమావేశంలోనైనా అందరూ అంతా బాగుందన్నాక, చివర్న దీని వైపు తిరిగి "నువ్వు చెప్పు" అనేవాడట. ఆ ఏడు పెద్ద పదవి వేరేవాళ్ళకి పోయింది. మరుసటేడు దీనికి వచ్చింది. మా అల్లుడికి కూడా ఉద్యోగం దొరికింది, మళ్ళీ 401 హైవే మీద రోజూ కిచెనర్‌కి ప్రయాణం. ఇంట్లో వాయిదాల గురించి పైకే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

మొన్న వేసవి చివర్లో ఒకరోజు పొద్దున, అందరం టిఫిన్ దగ్గరుండగా ఆవిడ అన్నారు. "నాకు క్యాన్సర్. లివర్‌లో మొదలైంది, పాకింది. ఎక్కువ కాలం ఉండననుకుంటున్నాను. హాస్పిటల్‌కి తిప్పడానికి ఎవరో ఒకరు కావాలి." ఆగి, "ఉప్మాలో ఉప్పు తక్కువైంది వదినగారూ" అన్నారు. మా అల్లుడు చెంచా పడేశాడు. కన్నతల్లివి, ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పాలా అన్నాడు. "మెల్లగా చెప్తే తగ్గుద్దేంట్రా?" అన్నారు ఆవిడ. కానీ బల్ల కింద నుంచి కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి, ఆ పూట టిఫిన్ అయ్యేదాకా తియ్యలేదు. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి చూశాను.

తను పనిచేసిన హాస్పిటల్‌లోనే చేరారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న నర్సులు ఇప్పుడు పెద్ద నర్సులై, ఆవిడ మంచం పక్కన ఆవిడ గురించే హ్యాండోవర్ ఇచ్చుకునేవారు. తప్పుంటే కళ్ళు మూసుకునే దిద్దేవారట. ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నాను. గది బయట గోడకున్న డబ్బా నుంచి శానిటైజర్ వేసుకుని లోపలికొస్తే, చేతులు ఆరకముందే తన చేతులు చాపారు. పట్టుకున్నాను. ఎంత చిక్కిపోయాయో.

"కూర్చోండి. మీకు అప్పజెప్పాలి," అన్నారు.

ఆస్తులూ, నగలూ అనుకున్నాను. పిల్లలకి చెప్పండి వదినగారూ, నాకెందుకన్నాను.

"పిల్ల గురించేనండి. మీ అమ్మాయి." ఊపిరి తీసుకోవడానికి ఆగుతూ చెప్పారు. "పైకి గట్టిగానే ఉంది. బాగానే ఉన్నానని రెండుసార్లు చెప్పుద్ది, నమ్మకండి. మూడోసారి అడగండి. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పదు, పక్కన కూర్చోవాలి. భయమేస్తే తిండి మానేస్తది, నలుగురిలో తిన్నట్టు నటిస్తది. ఇంక..." మళ్ళీ ఆగారు. "సలహా ఇవ్వకండి. మీకు కష్టమే."

కన్న కూతురి గురించి ఇవేవీ నాకు తెలియవు. పెన్సిలిన్ పడదని మాత్రం తెలుసు. రాజమండ్రిలో పాలు పోసిన పళ్ళెం పెట్టి, మేళం వాయిస్తుండగా, ఈవిడ చేతుల్లో పెట్టాను దాన్ని. ఆవిడ ఇన్నేళ్ళు ఆ పిల్లని కనిపెట్టి చూసి, చదువుకుని, దిగిపోయే వేళకి మళ్ళీ నా చేతుల్లో పెడుతున్నారు. మందు వాసన వేసే తడి చేతులు, అంతే. ఏదైనా అనాలి కదా అని, "అలాగేనండి" అన్నాను.

తర్వాత కొద్ది రోజులకే ఆ ఫోన్ వచ్చింది.

స్కూలుకి వెళ్ళి, గేటు దగ్గర మా మనవరాల్ని కలుసుకుని, నడుస్తూ, మీ నానమ్మ ఎంత గొప్ప మనిషో తెలుసా, నువ్వు పుట్టినప్పుడు ఏం చేసిందో తెలుసా అని మొదలుపెట్టాను. పిల్ల ఆగిపోయింది. "అమ్మమ్మా, ఈజ్ షీ డెడ్?" అంది. అవునన్నాను. బ్యాగ్ నాకిచ్చి, నా చెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో నేర్చుకోవలసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నేనని అప్పుడర్థమైంది.

చర్చి నిండిపోయింది. శనివారం పిల్లలు, ఇప్పుడు బొజ్జలు వచ్చినవాళ్ళు, మంచి ఉద్యోగాలవాళ్ళు, ఒక్కొక్కరే లేచి రెండేసి మాటలు చెప్పి కూర్చున్నారు. ఎవరూ ఆవిడ పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టలేదు. అప్పట్లో ఏడ్చి వెళ్ళిపోయిన అమ్మాయి కూడా వచ్చింది. మైకు దగ్గరికి వెళ్ళలేదు, చివరి వరసలో కూర్చుని వెళ్ళిపోయింది.

మా అమ్మాయి మళ్ళీ ఆఫీసుకి వెళ్తోంది. బాగానే ఉన్నానంటోంది. పోయిన వారం ఒక సాయంత్రం కారు డ్రైవ్‌వేలోకి వచ్చి ఆగింది, లైట్లు ఆరాయి, మనిషి మాత్రం దిగలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అన్నం చల్లారిపోతోంది. ఇదివరకైతే తలుపు తీసి, ఏం చేస్తున్నావే చలిలో అని కేకేసేదాన్ని. కోటు వేసుకుని వెళ్ళి, రెండో వైపు తలుపు తీసుకుని, దాని పక్కన కూర్చున్నాను.

"ఏంటమ్మా, మంచులో వచ్చావ్?"

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నాను."

ఇద్దరం ముందు అద్దంలోంచి గ్యారేజీ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. కాసేపాగి మళ్ళీ అడిగాను. బాగానే ఉన్నానమ్మా అంది. మంచు అద్దం మీద పడి, కరిగి, మళ్ళీ పడుతోంది. మూడోసారి అడిగాను.

"బాలేదమ్మా," అంది. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. "రోజూ ఇంటికొచ్చేటప్పుడు ఆఫీసు సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో కార్లో అనుకుంటూ వస్తాను. ఇక్కడిదాకా వచ్చాక గుర్తొస్తుంది. లోపలికి రాబుద్ధి కాదు."

నీకేం కావాలే అన్నాను.

"అత్తయ్య కావాలి."

నా నాలుక చివర చాలా మాటలున్నాయి, ఎప్పుడూ ఉంటాయి. ఒక్కటీ అనలేదు. అది తల వంచి నా భుజం మీద పెట్టింది. ముందు అద్దం మెల్లగా తెల్లబడి, గ్యారేజీ తలుపు కనిపించడం మానేసింది. వైపర్లు వెయ్యమని నేను చెప్పలేదు.